క్లోడా కాళ్ళ రంగు

మీరే చేశారు. నాట్య కమిటీలో కూర్చున్న పెద్దలారా, స్టేజి ముందు బల్ల వేసుకుని మార్కులేసే జడ్జీలారా, హాళ్ళలో క్లాసులు నడిపే టీచరమ్మలారా, మీరే. పిల్లల తెల్ల కాళ్ళకు గోధుమరంగు పూయమని మీలో ఒక్కరూ నోటితో అనలేదు. నాకు తెలుసు. అనకుండా చేయించడంలోనే ఉంది మీ పనితనమంతా. జడ్జిని అడిగితే టీచర్ని చూపిస్తాడు. టీచర్ని అడిగితే జడ్జిని చూపిస్తుంది. తల్లుల్ని అడిగితే, అందరూ పూస్తున్నారు కదా అంటారు. ఈ తిరుగుడులో పదమూడేళ్ళ పిల్ల కాళ్ళ తోలు ఊడింది. ఆ పిల్ల నా కూతురు. పూసిన చెయ్యి నాది. అది దాచను.

కిందటి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. మాటల్లో సోకులు నాకు రావు. పదిహేనో ఏట బడి మానేసి, మేయో జిల్లాలో మా ఊరి హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతున్నదాన్ని. చదివిందంతా ఆ తర్వాత లైబ్రరీలో నాకు నేను చదువుకున్నదే. తప్పులుంటే మీరు దిద్దుకోండి, అర్థం మాత్రం మార్చకండి.

సెప్టెంబరు మొదటి మంగళవారం చర్చి పక్క హాల్లో నాట్యం టీచరు జెరల్డీన్ ఎనిమిది మంది పిల్లల్ని గోడవార నిలబెట్టింది. ఈ ఎనిమిది మందీ నవంబరులో జరిగే పడమటి జిల్లాల పోటీలో ఒక జట్టుగా ఆడాలి. అక్కడ మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్లు ఈస్టరుకు ప్రపంచ పోటీకి వెళ్తాయి. మా క్లోడాకు అయిదో ఏటి నుంచీ అదే ధ్యాస. పళ్ళు తోముకుంటూ పాదాలు ఆడిస్తుంది, బస్సు కోసం నిలబడి ఆడిస్తుంది. మా వంటింటి నేల మీది షీటు ఆమె మడమల కిందే చిరిగింది.

జెరల్డీన్ వరస వెంట నడుస్తూ, సంతలో గొర్రెల్ని చూసినట్టు ఒక్కొక్కరి మోకాళ్ళ దగ్గరా వంగి చూసింది. క్లోడా దగ్గర ఆగింది.

"ఏమే క్లోడా, నిన్నేమైనా పిండిడబ్బాలోంచి తీశారా?"

పిల్లలు నవ్వారు. క్లోడా కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని దానికి తెలుసు.

"లైట్ల కింద నీ కాళ్ళు కనబడవు తల్లీ. గౌను ఒక్కటే గాల్లో ఎగురుతున్నట్టుంటుంది. జడ్జి నీ పాదాలు చూడాలా, వద్దా?" అని నావైపు తిరిగింది. నేనూ జెరల్డీనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పుడూ లెక్కలు నా పుస్తకంలోనే చూసి ఎక్కించుకునేది. "బ్రీజ్, దీనికి ముదురు రంగు సీసా కొను. లేతది దీనిమీద ఆనదు. మూడు పూతలు. ఎనిమిది జతల కాళ్ళూ ఒక్క మనిషి కాళ్ళలా ఉండాలి. ఒక్కటి తెల్లగా ఉన్నా జడ్జి కన్ను దానిమీదే పడుద్ది."

"దాని తోలు సంగతి నీకు తెలుసుగా. సబ్బు మారిస్తేనే దద్దుర్లు లేస్తాయి."

"అందరి పిల్లలకూ ఉన్నది తోలేనే. చెక్క కాదు."

కొన్నాను. పూశాను. మా ఊళ్ళో అందరిదీ తెల్లతోలే, క్లోడాది మరీను. మోకాలి వెనక నీలి నరాలు దారప్పోగుల్లా కనబడతాయి. అరగంట ఎండ తగిలితే ఒళ్ళు కందగడ్డవుతుంది, పొట్టు లేస్తుంది, మళ్ళీ అదే తెలుపు. ఆ తోలు మీద మూడు పూతలు. మూడో రోజుకు పిక్కల నిండా ఎర్రని దద్దుర్లు. స్కూల్లో బెంచీ కింద కాలితో కాలు గోక్కుంటూ కూర్చుందని టీచరు ఫోన్ చేసింది.

జెరల్డీన్‌కి ఫోటో పంపాను. "అయ్యో పాపం. వేరే కంపెనీది చూడు" అని జవాబు.

లాండ్రీలో నా పక్క యంత్రం మీద మారిసెల్ పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్ మనిషి, వచ్చి పదకొండేళ్ళయింది. హోటల్లో పెళ్ళి జరిగిన మర్నాడు గదుల్లోంచి దిగే దుప్పట్ల మీద, ఒంటికి పూసుకున్న రంగు అంటి, మనుషుల ఆకారాల్లో గోధుమరంగు మరకలుంటాయి. "ఈ పెళ్ళికూతురు ఎడం పక్కకి తిరిగి పడుకుంది, పెళ్ళికొడుకు సోఫా మీద పడుకున్నాడు" అని ఆమె ఆ మరకల్ని జాతకంలా చదువుతుంది. క్లోడా సంగతి చెబితే నవ్వి నవ్వి బట్టల బుట్ట మీద కూలబడింది.

"అక్కా, మా అమ్మ బొప్పాయి సబ్బుతో నా మెడ రుద్దేది, నలుపు పోవాలని. నలుపు పోలేదు, మెడ పోయింది. మీరేమో ఆ నలుపునే కొనుక్కుని పూసుకుంటున్నారు. ఎక్కడో ఒకడు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని అమ్ముకుంటూ ఉంటాడు."

"నవ్వింది చాల్లే. ఏం చెయ్యమంటావో చెప్పు."

"పూయనని చెప్పు."

"జట్టులోంచి తీసేస్తుందే."

"ఆ మాట ఆవిడతో తేల్చుకో. నాతో చెప్తే నేనేం చేస్తాను?"

బ్లీచు పనికి చేతి తొడుగులివ్వాలని మేనేజరు మీద నాలుగు నెలలు పోట్లాడినదాన్ని నేను. పదకొండు మందిని పోగుచేసి యంత్రాలు ఆపించి, తొడుగులు తెప్పించాను. అలాంటి దానికి జెరల్డీన్ ముందు నోరు పెగల్లేదు. మేనేజరుతో పోట్లాడితే పోయేది నా ఉద్యోగం. జెరల్డీన్‌తో పోట్లాడితే పోయేది నా కూతురి ఆట. మొదటిది పోతే ఇంకోటి వెతుక్కుంటాను. రెండోది నేను కొనిపెట్టగలిగింది కాదు.

దారి చూపించింది మా అమ్మ డీలియా. మాతోనే ఉంటుంది. క్లోడా నాన్న మార్టిన్ వారమంతా డబ్లిన్‌లో క్రేను నడుపుతాడు కాబట్టి, ఇంట్లో మేం ముగ్గురు ఆడవాళ్ళమే.

"రసాయనం పడకపోతే ఆకులూ అలములూ చూసుకోవాలి గానీ ఏడుస్తూ కూర్చుంటారా?" అంది అమ్మ. "యుద్ధం రోజుల్లో మాంచెస్టర్‌లో మా పిన్ని కాళ్ళకు టీ పూసుకునేది. మేజోళ్ళు దొరికేవి కాదు మరి. మేజోళ్ళకు వెనకాల ఉండే కుట్టు గీతను కనుబొమల పెన్సిలుతో గీసుకునేది. మా బాబాయి పడిపోయింది ఆ కాళ్ళు చూసే. వానొచ్చి నిజం బయటపడేసరికి పెళ్ళయిపోయింది."

ముప్పై టీ సంచులు గిన్నెలో వేసి చేదుగా అయ్యేదాకా మరిగించాం. చల్లారాక, క్లోడా నీళ్ళ తొట్లో నిలబడితే అమ్మ పాత బనీను గుడ్డతో తుడుస్తూ పోయింది.

"పాలు పొయ్యనా, పంచదార వెయ్యనా?"

"అమ్మమ్మా, చక్కిలిగిలి."

"కదలకే. కదిలితే జీబ్రావైపోతావు."

మొదటి పూతకు ఏమీ కాలేదు. అయిదు సాయంత్రాలయ్యాక లేత తేనెరంగు తేలింది. దద్దుర్లు రాలేదు. మాకు ఊపొచ్చింది. కోకో పొడి మీగడలో కలిపి రాశాం. రంగు బ్రహ్మాండంగా పట్టింది గానీ మా కుక్క క్లోడా మోకాళ్ళు వదల్లేదు. ఎక్కడ కూర్చుంటే అక్కడికొచ్చి నాకేసింది. స్కూలు బస్సు డ్రైవరు "ఎవరమ్మా కేకు తెచ్చింది, నాకేదీ?" అన్నాడట. క్యారెట్లు తింటే లోపల్నుంచి రంగొస్తుందని క్లోడా ఫోన్లో చదివి పదిహేను రోజులు కుందేల్లా నమిలింది. అరచేతులు పసుప్పచ్చనయ్యాయి. కాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

వెస్ట్‌పోర్ట్‌లో ఒక కొట్టుకు కూడా పోయాను. చందనం వాసన, మెత్తని సంగీతం. కౌంటరు మనిషి ఆకుబొమ్మ సీసా ఒకటి చూపించింది.

"ఇది పూర్తిగా సహజమండీ. మీ పాపకేమీ కాదు."

"రంగెక్కడ్నుంచి వస్తుంది?"

"బీట్ దుంపల చక్కెర నుంచి. అంతా భూమాత ఇచ్చిందే."

భూమాత ఇచ్చినదానికి మామూలు సీసాకు రెట్టింపు ధర. కొనలేదు. వెనక రాసింది ఫోటో తీసుకుని లైబ్రరీలో కూర్చున్నాను. జెరల్డీన్ సీసా మీదున్న పొడవాటి పేరే ఈ సీసా మీదా ఉంది, అక్షరం పొల్లుపోకుండా. రెండూ చేసేది ఒకటే పని. రొట్టె పైభాగం పొయ్యిలో ఎర్రబడినట్టు తోలు మీది చచ్చిన పొరను ఎర్రబరుస్తాయి. పూసుకున్నవాళ్ళ దగ్గర బిస్కెట్ల వాసన వచ్చేది అందుకే. ఒకదానికి ఆకుబొమ్మ ఉంది, ఒకదానికి లేదు. తేడా అంతే. ఆ కొట్టుకు పోయే తల్లులందరికీ చెబుతున్నాను, డబ్బు ఆకుకు పెట్టకండి.

కాబట్టి టీయే. అక్టోబరు మూడో ఆదివారం కాసిల్‌బార్‌లో చిన్న ఫెష్ జరిగింది. ఫెష్ అంటే మా నాట్యం పోటీ. పెద్ద పోటీకి ముందు జట్టును చూసుకోవడానికి జెరల్డీన్ అక్కడ ఆడించింది. బయట వాన. కారు దిగి హాల్లోకి చేరేలోపే సగం తడిశాం. లోపల విగ్గులు, పిన్నులు, గౌన్ల మీద రాళ్ళ మెరుపులు, ఎక్కడ చూసినా గోధుమరంగు కాళ్ళు. క్లోడా కాళ్ళు వాటి మధ్య మరీ తేడాగా లేవు. లేత రంగే, అయినా రంగే. జెరల్డీన్ చూసి తల ఊపింది. క్లోడా మొహం విప్పారింది.

ఆటలో తెల్ల మేజోళ్ళు జారకుండా పిక్కల చుట్టూ జిగురు రాస్తారు. ప్రతి తల్లి సంచిలోనూ ఆ జిగురు సీసా ఉంటుంది, నా సంచిలోనూ ఉంది. ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాను. ఆ అలవాటు కొద్దీ, ఆలోచన లేకుండా, టీ పూత మీద జిగురు రాశాను.

మూడో వరస అడుగుల దగ్గర జిగురు టీని పట్టుకుని ఊడింది. ముందు కుడి మేజోడు జారింది. దాని కింద తోలు చుట్టూ తెల్లటి పట్టీ బయటపడింది. తర్వాత వానకూ చెమటకూ తడిసిన టీ, గోధుమరంగు చారలుగా మేజోడు మీదికి దిగింది. మిగతా ఏడుగురివీ సీసా కాళ్ళు. ఏమీ కాలేదు వాటికి. క్లోడా ఒక్క అడుగు తప్పలేదు. గిరుక్కున తిరిగే చోట తిరిగింది, చెయ్యి అందుకునే చోట అందుకుంది, నడుం నిటారుగా. అది ఎవరూ చూడలేదు. చారలు చూశారు.

నా వెనక వరసలో ఒక తల్లి గుసగుసగా అంది. "టీ కారుతోంది. బిస్కెట్లు ఎవరు తెచ్చారో కనుక్కోండి."

నేను వెనక్కి తిరిగాను. "మీ అమ్మాయికి అడుగులు ఎవరు తెచ్చారో కూడా కనుక్కోండి. రెండో వరసలో మర్చిపోయినట్టుంది."

అయిదు జట్లలో అయిదో స్థానం. జెరల్డీన్ కార్ల దగ్గర నన్ను పట్టుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "బ్రీజ్, నాకు వంటింటి వైద్యాలొద్దు. ఏడుగురు తల్లులు నాకు ఫోన్లు చేస్తారు ఇవాళ. నవంబరుకు రంగు నిలిస్తే సరి, లేకపోతే నీ కూతురి చోటు కోసం జట్టు బయట ఒక పిల్ల ఎదురుచూస్తోంది" అంది.

 కారు మా ఊరి వంతెన దగ్గరికొచ్చాక క్లోడా అడిగింది.

"అమ్మా, ఉన్నికి వేసే రంగు అని అమ్మమ్మ చెప్పిందే, ఆ చెట్టెక్కడుంది?"

పాత జమీందారు తోటలో అక్రోటు చెట్టొకటి ఉంది. దాని కాయల పచ్చితొక్కతో మా అమ్మమ్మ కాలంలో ఉన్నికి రంగు వేసేవాళ్ళు. చచ్చినా పోని రంగు. ఏరుకొచ్చి, తొక్క ఒలిచి మరిగించాం. అమ్మకు మాత్రం ఇష్టం లేదు. "అది గొర్రె బొచ్చుకే. మనిషికి ఎవరూ పూయగా చూళ్ళేదు" అంది. నేను వినలేదు. ముందు నా ముంజేతికి రాసి ఒక పూట చూశాను. ఏమీ కాలేదు. ఇరవై ఏడేళ్ళు బ్లీచులో నానిన చెయ్యి అది, నిప్పు పెట్టినా పలకదు. దానిమీద పరీక్ష చేసి పిల్లకు పూశాను. తొడుగుల కోసం యంత్రాలు ఆపించిన మనిషిని, ఏముందో తెలియని కషాయాన్ని, దద్దుర్లు మానీ మానని కాళ్ళకు మోకాళ్ళ పైదాకా పూశాను.

మర్నాడు పొద్దున ఆ కాళ్ళు చూడాలి మీరు. ఒకే రంగు, చార లేదు, మచ్చ లేదు. క్లోడా అద్దం ముందు ఇటూ అటూ తిరిగింది.

"చూడమ్మా. నేనిప్పుడు అందరిలాగే ఉన్నాను."

ఆ మాటకు నేను సంతోషించాను. అదొక్కటి చాలు నా మీద నేరం మోపడానికి.

మంగళవారం క్లాసులో జెరల్డీన్ "అదీ, ఇలా ఉండాలి" అని క్లోడాను వరస మధ్యలో నిలబెట్టింది. బుధవారం మంటన్నది. గురువారానికి మడమల నుంచి మోకాళ్ళ దాకా నీటిపొక్కులు. శుక్రవారం డాక్టరమ్మ నేను కట్టిన కట్టు విప్పితే దానితోపాటు తోలు కూడా వచ్చింది. క్లోడా నా చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు, గోళ్ళు మాత్రం దిగాయి.

"ఏం పోశారమ్మా దీనిమీద?" అంది డాక్టరమ్మ.

"అక్రోటు తొక్క. సహజమైనదని."

"విషపు పుట్టగొడుగు కూడా సహజమే" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ తర్వాత రెండు వారాలు వంటంతా అమ్మే చూసుకుంది.   క్లోడా కాళ్ళు బల్ల మీద చాపుకుని వేళ్ళతో అడుగులు నేర్చుకుంది, బల్ల మీద చూపుడు వేలూ మధ్యవేలూ ఆడిస్తూ. పుండ్లు మానాయి. కొత్త తోలు గులాబీరంగులో, ఉల్లిపొరలా.

పోటీ శనివారం. గురువారం జెరల్డీన్ ఫోన్ చేసింది. "మానాయిగా. ఒక్క పూత చాలు బ్రీజ్, పైపైన. చంటిపిల్లలకు వాడే మెత్తనిది ఒకటుందట. ఒక్క పూత. ఎనిమిదేళ్ళ కష్టం దానిది, ఆలోచించు."

ఆలోచించాను. కొన్నాను. అవును, అప్పుడు కూడా. సాయంత్రం స్నానాల గదిలో క్లోడా తొట్టి అంచున కూర్చుంది. నేను పూత గుడ్డ చేతికి తొడుక్కుని, సీసా మూత తీసి, ఆమె కుడికాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"చెయ్యి తియ్యమ్మా" అంది.

కోపంగా అనలేదు. ఫ్యాను కట్టెయ్యమన్నట్టు అంది. కాలు తీసుకుని, పావడా సర్దుకుని, కిందికెళ్ళి బూట్లకు పాలిష్ పెట్టుకుంది. నేను సీసాకు మూత బిగించాను.

తర్వాత నాకు చేతనైన పని చేశాను. కమిటీ నియమాల పుస్తకం ముందేసుకున్నాను. గౌను పొడవు రాసి ఉంది, బూటు మడమ ఎత్తు రాసి ఉంది, సంగీతం వేగం రాసి ఉంది. క్లోడా వయసు పిల్లల కాళ్ళు ఏ రంగులో ఉండాలో ఎక్కడా లేదు. మొదటి పేజీ నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికాను. శుక్రవారం కమిటీ కార్యదర్శికి ఫోన్ చేస్తే "అది టీచర్ల ఇష్టమండీ" అన్నాడు. జెరల్డీన్‌ని అడిగితే "జడ్జీలకు కావాలి, నాకు సరదానా?" అంది. తెలిసిన తల్లి ఒకామెను అడిగితే "మా అమ్మాయి ఒక్కటే తెల్లగా నిలబడాలా?" అంది. ముగ్గురూ నిజమే చెప్పారు. ముగ్గురి నిజాలూ కలిపితే ఆ పొక్కులు.

శనివారం పోటీ మా హోటల్లోనే. పిల్లల కాళ్ళ రంగు మరకలు పడతాయని గదుల్లో పాత దుప్పట్లు వేయించింది మా మేనేజరు, వాటిని నేనే మడతపెట్టాను. క్లోడా గౌను వేసుకుని, విగ్గు పెట్టుకుని, తెల్లకాళ్ళ మీద తెల్ల మేజోళ్ళు వేసుకుని మెట్లు దిగింది. గులాబీ మచ్చలు స్పష్టంగా కనబడుతున్నాయి.

జెరల్డీన్ చూసింది.

"బ్రీజ్, ఇదేంటే?"

"కాళ్ళు."

"రంగేది?"

"అదే రంగు."

జెరల్డీన్ నన్ను వదిలి క్లోడా ముందు వంగింది. ఆ వంగడంలో నిజంగానే బాధ ఉంది, నేను అబద్ధం రాయను. "తల్లీ, నీ తప్పేం లేదు. కానీ ఏడుగురున్నారు కదా."

"అడుగులన్నీ వచ్చు మిస్. నిన్న కూడా అన్నీ చేశాను."

"వచ్చు. అందరికంటే బాగా వచ్చు."

"మరి?"

జెరల్డీన్ లేచి నిలబడింది. బయట ఎదురుచూస్తున్న పిల్లను పిలిచింది. ఆ పిల్ల క్లోడా చోట నిలబడింది, కళ్ళలో భయం. దాన్నీ నేనేమీ అనను. క్లోడా స్టేజి పక్కన నేల మీద కూర్చుని ఎనిమిది నిమిషాలూ చూసింది. ప్రతి అడుగుకూ బూటు కొస నేలకు తగిలించింది. జట్టుకు మూడో స్థానం వచ్చింది. ఈస్టరుకు వాళ్ళు వెళ్తున్నారు.

మధ్యాహ్నం ఒంటరి ఆట. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ముందే పేరు రాయించుకుంది. మారిసెల్ లాండ్రీలోంచి ఏప్రనుతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

క్లోడా స్టేజి మధ్యకు నడిచింది. ముందు వరసలో ఎవరో "అయ్యో" అనడం నాకు వినబడింది. పాట మొదలైంది. దాని ఆట గురించి నేను చెబితే తల్లి మాట అవుతుంది. మారిసెల్ మాట రాస్తాను. "అక్కా, ఈ పిల్ల పాదం ఎప్పుడు నేలను తాకుతోందో చెవికి తెలుస్తోంది గానీ కంటికి తెలియడంలేదు" అంది.

మొదటి అయిదుగురు ప్రపంచ పోటీకి వెళ్తారు. క్లోడా ఆరోది.

సాయంత్రం జడ్జీల చీటీలు ఇచ్చారు. ముగ్గురు జడ్జీలు. ఇద్దరు అడుగుల గురించి రాశారు. మూడో ఆయన రాసింది ఇది: "తాళం చక్కగా ఉంది. అడుగులు శుభ్రం. ప్రెజెంటేషన్." ఆ చివరి మాటకు ముందూ వెనకా ఏమీ లేదు. మార్కులు ఆయన దగ్గరే తగ్గాయి.

కాఫీ బల్ల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. పెద్దాయన, మంచి సూటు, మెత్తటి మనిషి.

"అయ్యా, తొంభై నాలుగో నంబరు పిల్ల తల్లిని. ప్రెజెంటేషన్ అంటే ఏంటండీ?"

"అంటే, మొత్తం రూపం. స్టేజి మీద కనిపించే తీరు."

"గౌను బాగాలేదా?"

"చక్కగా ఉంది."

"జుట్టు?"

"బాగుంది."

"బూట్లు?"

"మెరుస్తున్నాయమ్మా."

"మరి ఏది బాగాలేదు?"

ఆయన కాఫీలో చెంచా తిప్పాడు. "చూడమ్మా, నేను ఏ పిల్లనూ రంగు పూసుకోమని చెప్పలేదు."

"నేను రంగు మాట ఎత్తలేదండీ."

చెంచా ఆగింది. చుట్టూ నలుగురైదుగురు తల్లులు, ఇద్దరు టీచర్లు. జెరల్డీన్ కూడా అక్కడే ఉంది.  ఆయన మొహం మెడ నుంచి పైకి ఎర్రబడింది. ఆ ఎరుపుకు ఎవరూ మార్కులు తగ్గించలేదు.

క్లోడా నా చెయ్యి లాగింది. "పదమ్మా, ఆకలేస్తోంది. మంగళవారం క్లాసుకొస్తానని మిస్‌కి చెప్పేశాను."

"ఎలా వెళ్తావ్?"

"ఇలాగే."

వెళ్ళింది. ఇప్పటికీ వెళ్తోంది. జెరల్డీన్ దాన్ని వరస చివర నిలబెడుతోంది. అది అక్కడి నుంచే ఆడుతోంది. వచ్చే ఏడాది జట్టుకు మళ్ళీ పేరు ఇచ్చింది. తీసుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు.

ఇక వినండి. జనవరి పన్నెండున మీ కమిటీ ఏడాది సమావేశం. అక్కడ రెండింట్లో ఒకటి రాయాలి మీరు. రంగు కావాలనుకుంటే బాజాప్తా నియమంగా రాయండి, ఏ రంగో, ఎన్ని పూతలో, తోలు ఊడితే పూచీ ఎవరిదో. రాసి కింద సంతకాలు పెట్టండి. ఆ దమ్ము లేకపోతే, పద్దెనిమిదేళ్ళ లోపు ఏ పిల్లా ఒంటికి రంగు పూసుకుని స్టేజి ఎక్కకూడదని రాయండి. సీసా రంగైనా, ఆకు రంగైనా, వంటింటి రంగైనా సరే. ప్రెజెంటేషన్ అన్న మాట వాడిన జడ్జి దేని గురించి అన్నాడో పక్కనే రాసి తీరాలని కూడా చేర్చండి. మూడో దారి లేదు. టీచర్ల ఇష్టమనో, తల్లుల ఇష్టమనో తప్పించుకునే దారి మూసేయండి.

అజెండాలో దీన్ని మొదటి అంశంగా పెట్టండి. చివర్లో, జనం కోట్లు తొడుక్కుని లేచాక కాదు. నేను వస్తాను. క్లోడా వస్తుంది, ఉత్త కాళ్ళతో. మారిసెల్ ఆ పూట సెలవు పెట్టింది. మాటలు చాలు, చేతులెత్తి ఓటెయ్యండి. ఎవరి చెయ్యి ఎటు లేచిందో పేరు పేరునా నమోదు చెయ్యండి, ఆ కాగితం హాలు తలుపుకు అంటించండి.